గాలి మిల్లు వజ్రమ్మకు సెలవు

రెండో తెనాలి సెలవుల ఆఫీసు. చిట్టా నంబరు 1147. సెలవుదారు: గాలి మిల్లు పెద్ద వజ్రమ్మ, వయసు యాభై తొమ్మిది. రాస్తున్నది: సెలవుల గుమాస్తా కోటిలింగం.

సెలవుకు ఎనిమిది రోజుల ముందు

ఈ ఊళ్లో అందరికంటే తేలిక ఉద్యోగం నాదేనని చాలామంది అనుకుంటారు. వాళ్లు ఒక్క పూట వచ్చి నా కుర్చీలో కూర్చోవాలి. ఉన్నది ఆరువందల పన్నెండు మందిమి, మూడు వీధులు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ఇరవై ఐదు నిమిషాలు. నెత్తి మీద కుజుడి ఎర్రమట్టి, దాని పైన పీల్చడానికి పనికిరాని గాలి. పక్క ఊరికి బండిలో నలభై రోజుల ప్రయాణం, అదీ దుమ్ము లేవకపోతే. ఇలాంటి చోట మనిషిని సెలవుకని ఎక్కడికి పంపుతాం?

ఎక్కడికీ పంపం. మెడలో పసుపు కండువా వేసి ముడి వేస్తాం. ఆ ముడి ఉన్నన్నాళ్లూ ఆ మనిషి ఎక్కడి నుంచో వచ్చిన అతిథి. తోడబుట్టినవాళ్లు కూడా ‘అండీ’ అనే పిలవాలి. ఏ ఊరని అడగాలి, దారి చూపించాలి, కాఫీ ఇవ్వాలి. పని మాట మాత్రం ఎవరూ ఎత్తకూడదు. అతిథి సొంత ఇంట్లో కాకుండా మూడో వీధి అతిథి గదుల్లో పడుకోవాలి. మా తాతల కాలంలో ఎవరో సరదాకి మొదలుపెట్టారట. ఇప్పుడు అది లేకపోతే మాకు పిచ్చెక్కుతుంది.

ఇప్పటికి 1146 సెలవులు కుదిర్చాను కాబట్టి కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. చిన్నపిల్లలున్న ఇంటికి రోజుకు ఒక్క చోటు మించి పెట్టకూడదు. రెండోది పెడితే సాయంత్రానికి పిల్లల బదులు తల్లిదండ్రులు ఏడుస్తారు. కొత్తగా పెళ్లయినవాళ్లకు అసలు ప్రణాళికే రాయకూడదు, రాసినా చదవరు. ఒంటరిగా సెలవు గడిపేవాళ్లకు రోజుకు ఒక పూటైనా నలుగురి మధ్య భోజనం ఉండాలి, లేకపోతే మూడో రోజుకు గోడలతో మాట్లాడతారు. ఎవరికైనా సరే, మొదటి రోజూ చివరి రోజూ ఖాళీగా వదిలేయాలి. తెచ్చుకున్న మూటలో సగం వెనక్కి పంపాలి.

ఇవన్నీ నేర్చుకున్నాను గానీ ఒక్క రకం మనుషుల దగ్గర మాత్రం నా విద్య పారడం లేదు. తాము పక్కకు తప్పుకుంటే ఊరు ఆగిపోతుందని నమ్మేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద మా వజ్రమ్మక్క.

ఈ రోజు డాక్టర్ ఎస్తేరు నా ఆఫీసుకు వచ్చింది. వజ్రమ్మక్క గుండె నడక తప్పుతోందట, ఇరవై ఒక్క రోజులు పూర్తి విశ్రాంతి కావాలట. లోగడ రెండుసార్లు సెలవిచ్చి చూశాం. మొదటిసారి ఒకటిన్నర రోజుకే కండువా విప్పి మిల్లులో కూర్చుంది. రెండోసారి అంతకూడా ఆగలేదు. అందుకే ఈసారి పంచాయతీ గట్టిగా తీర్మానం చేసింది. ఇరవై ఒక్క రోజులు నిండకుండా కండువా తీస్తే మిల్లు తాళం శాశ్వతంగా వదులుకోవాలి. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ తాళం ఆమె నడుముకే ఉంది.

‘‘ఆమె గుండె సంగతి ఒకటి. ఆ గుండె ఆగిన రోజున మిల్లు ఏమవుద్దనేది రెండోది. ఇస్మాయిల్ పన్నెండేళ్లుగా పక్కనుండి చూస్తన్నాడు. ఒక్క పంపు కూడా వాడి చేత్తో విప్పనియ్యలేదంట,’’ అంది ఎస్తేరు.

ఆ మాట విన్నాక నా నోట్లో కాఫీ చల్లారిపోయింది. మా మిల్లులో ఐదు నాచు తొట్లున్నాయి. వాటిలో నీళ్లు తిరుగుతుంటేనే నాచు బతుకుతుంది, నాచు బతికితేనే మాకు ఊపిరి. ఆ పంపుల చప్పుడు చెవితో పోల్చుకోగల మనిషి ఊరంతటికీ ఒక్కతే.

సెలవుకు మూడు రోజుల ముందు

ప్రణాళిక తయారైంది. ఎక్కడికి వెళ్లాలనుంది అని నేను ఎవరినీ అడగను. పొరుగువాళ్లు ఏది చెప్పారో అదే చెబుతారు. చివరిసారిగా అన్నం తినడం మరిచిపోయేంతగా ఏ పనిలో పడ్డారో అడుగుతాను. అందులోంచే సెలవు దొరుకుతుంది. వజ్రమ్మక్కనూ అదే అడిగాను. రెండో పంపు విప్పినప్పుడట.

సరే, ఈమె చేతులు ఊరికే ఉండవని తెలిసింది. ఖాళీగా కూర్చోలేని వాళ్లకు మంచం చూపించడం శిక్ష. అందుకే పొద్దున వేన్నీళ్ల కొలను, తర్వాత తుంగతో బుట్టలల్లడం నేర్పే చోటు, మధ్యాహ్నం చిక్కుడు తోటలో పడక కుర్చీ, సాయంత్రం క్యాంటీనులో నలుగురితో భోజనం పెట్టాను.

ఒక తెలివైన పని కూడా చేశాను. ఊరందరికీ ఒక చీటీ పంపాను. అతిథి గారు మిల్లు ప్రస్తావన తెస్తే ఏ సమాధానమూ ఇవ్వొద్దు, నవ్వుతూ ‘ఏ ఊరండీ మీది?’ అని అడిగి కాఫీ పోయండి అని. మిల్లులో రెండో మనిషి ఇస్మాయిల్‌కు మాత్రం చీటీ ఇచ్చి ఊరుకోలేదు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. అతను తలూపాడు. నలభై ఏళ్ల మనిషి, అక్క లేకుండా ఇరవై ఒక్క రోజులా అని రెండుసార్లు అడిగాడు.

1వ రోజు

కండువా ముడి నేనే వేశాను. ‘‘ఏ ఊరండీ మీది?’’ అన్నాను ఆనవాయితీగా. ‘‘ఈ ఊరేరా లింగం, నీకు మతి పోయిందా,’’ అంది. మళ్లీ అడిగాను. కాసేపు నా మొహం చూసి, చాలా దూరం నుంచి వచ్చానంది. మిల్లు తాళం ఇస్మాయిల్ చేతిలో పెట్టేటప్పుడు ఆమె వేళ్లు వదల్లేదు. అతను లాగలేదు. చివరికి ఎస్తేరు వచ్చి ఇద్దరినీ విడదీసింది.

4వ రోజు

ఇప్పటికి ఏడు ఫిర్యాదులు. ఒకటో తొట్టి వాసన వేస్తోందంది. రెండో తొట్టి వాసన వేయడం లేదంది. గాలి బరువుగా ఉందంది, తేలికగా ఉందంది. మొదటి నాలుగూ ఇస్మాయిల్ పరుగున వెళ్లి చూశాడు, ఏమీ లేదు. మిగతా మూడింటికీ ఊరివాళ్లు నా చీటీ ప్రకారమే నడుచుకున్నారు. బుట్టల దగ్గర ఒకటి, కొలను దగ్గర రెండు కాఫీలు తాగించారు. మొత్తం మీద కాఫీలు ఎక్కువయ్యాయని ఎస్తేరు నన్ను కోప్పడింది. ఇక నుంచి మజ్జిగ.

9వ రోజు

వజ్రమ్మక్క మొదటి బుట్ట పూర్తిచేసింది. ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. దాన్ని బల్ల మీద నిలబెట్టడం, అది పడిపోవడం, ఆమె నవ్వడం. ఆమె అంతసేపు నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు. నాలుగో రోజు తర్వాత ఫిర్యాదుల్లేవు. గుండె నడక కుదురుకుంటోందని ఎస్తేరు చెప్పింది. నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ చిట్టాను కొత్త గుమాస్తాలకు పాఠంగా పెట్టాలని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన రాసి ఉంచుతున్నాను, తర్వాత పనికొస్తుంది.

13వ రోజు

మధ్యాహ్నం క్యాంటీనులో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. కంచం పక్కకు జరిపి అరచెయ్యి బల్ల మీద ఆనించింది. ఆ బల్ల కిందనే మిల్లు గొట్టం పోతుంది. నాలుగో పంపు నడక తేడాగా ఉందని, తిరిగేటప్పుడు ఒకచోట పట్టుకుని వదులుతోందని, రెండు రోజుల్లో ఆగిపోతుందని చెప్పింది. గొంతు పెంచలేదు. మొదటి ఏడుసార్లలాగా ఆదుర్దాగా కూడా చెప్పలేదు.

నేను నవ్వుతూ, ‘‘ఏ ఊరండీ మీది?’’ అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. కోపమైతే తట్టుకునేవాణ్ణి. లేచి కంచం కడిగి వెళ్లిపోయింది. సాయంత్రం తెలిసింది, అదే మాట ఇస్మాయిల్‌కు చెబితే అతను మీటర్లు చూసుకుని అంతా బాగుందని మజ్జిగ ఇచ్చాడట. బుట్టలల్లే చోట చెబితే కొత్త తుంగ ఇచ్చారట. నా చీటీ చక్కగా పనిచేస్తోంది.

14వ రోజు

పొద్దున ఆఫీసు తెరిచేసరికి వజ్రమ్మక్క గుమ్మంలో నిలబడి ఉంది. కుడి చెయ్యి కండువా ముడి మీద ఉంది.

‘‘ఇది విప్పితే నా మాట వినక తప్పదు కదా నీకు. అతిథిని కాను గదా ఇక. మిల్లు నిలుస్తది, తాళం పోద్ది, అందులో నేనుండను. అంతేగా?’’ అంది.

నాకు ఒళ్లు మండింది. పదమూడు రోజుల కష్టం బూడిదలో పోస్తారా అన్నాను. నాలుగో పంపు పేరు చెప్పి మిల్లులోకి దూరాలనే ఎత్తుగడ అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అన్నీ రాయడం లేదు. ఆమె అడ్డు చెప్పకుండా విని, కుర్చీ లాక్కుని కూర్చుంది. ముడి మీది చెయ్యి మాత్రం తీయలేదు.

ఒక ప్రశ్న అడిగింది. అతిథి కోరితే ఊళ్లో ఏ చోటైనా చూపించి తీరాలని నా సెలవుల పుస్తకంలో రాసి ఉందా లేదా? ఉంది. నేనే రాశాను. ఇన్నేళ్లలో అందరూ చిక్కుడు తోట, కొలను, పైకి చూసే అద్దాల గది అడిగారు తప్ప మిల్లు చూపించమన్నవాళ్లు లేరు.

‘‘అయితే నాకు మీ గాలి మిల్లు చూపించండి. నోరు అదుపులో పెట్టుకుని చూస్తా. పని మాట ఒక్కటి మాట్లాడినా నువ్వే ముడి విప్పు,’’ అంది.

పుస్తకం చంకన పెట్టుకుని తీసుకెళ్లాను. ఆమెను మాటలో పట్టుకోవాలనే పట్టుదలతోనే వెళ్లానని ఒప్పుకుంటున్నాను.

ఇస్మాయిల్ తలుపు తీసి మమ్మల్ని చూసి బిగుసుకుపోయాడు. అతిథి గారికి మిల్లు చూపించమని పుస్తకంలో పేజీ తీసి చూపించాను. ఒకటో తొట్టి దగ్గర ఆమె ఇదేం చేస్తుందని అడిగింది. ఇస్మాయిల్ గొంతు సవరించుకుని నాచు గురించి చెప్పాడు. రెండో తొట్టి దగ్గర ఇంత పచ్చగా ఎందుకుందని అడిగింది. అతను చెబుతూ చెబుతూ కాస్త కుదుటపడ్డాడు. పన్నెండేళ్లలో ఆ మిల్లు గురించి అతన్ని ఎవరూ ఏమీ అడిగి ఉండరు. అడిగినా అక్కనే అడుగుతారు. మూడో తొట్టి దగ్గరకు వచ్చేసరికి అడగనివి కూడా చెబుతున్నాడు.

నాలుగో తొట్టి దగ్గర ఆమె ఆగింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

‘‘ఈ పంపు ఎప్పుడూ ఇట్టాగే మాట్లాడుద్దాండీ?’’

‘‘మీటర్లన్నీ బాగానే ఉన్నయ్యండీ.’’

‘‘మీటర్ల సంగతి నాకు తెలవదండీ. పరాయి ఊరిదాన్ని. చెవికి వినపడేది అడుగుతన్నా.’’

నేను పుస్తకంలోకి చూశాను. అతిథి అడగకూడని ప్రశ్న కాదు అది. ఇస్మాయిల్ జవాబు చెప్పబోయి ఆగాడు. పరాయి ఊరి మనిషికి చప్పుడు గురించి చెప్పాలంటే ముందు తను వినాలి కదా. గొట్టం మీద అరచెయ్యి వేశాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత రెండో పంపు దగ్గరికి వెళ్లి చెయ్యి ఆనించి, మళ్లీ నాలుగో దాని దగ్గరికి వచ్చాడు.

‘‘లేదండీ,’’ అన్నాడు మెల్లగా. ‘‘ఇట్టా ఉండదు.’’

పంపు ఆగితే ఆరు గంటల్లో ఆ తొట్టిలో నాచు చచ్చిపోతుంది. కొత్తది పెరగడానికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ఊరంతా మంచాల మీద పడుకుని పొదుపుగా ఊపిరి తీసుకోవాల్సిందే. ఇది నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఇస్మాయిల్ రెంచి చేతిలోకి తీసుకుని అలవాటుకొద్దీ వజ్రమ్మక్క వైపు తిరిగాడు. ఏం చెయ్యమంటావన్నట్టు నిలబడ్డాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి కట్టుకున్న చేతులు చీర కొంగును మెలిపెడుతున్నాయి, నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. ‘‘నాకేం తెలుసండీ,’’ అంది. ‘‘నేను చూడ్డానికొచ్చాను.’’

ఆ క్షణంలో నేను పుస్తకం మూసేశాను.

ఇస్మాయిల్ కాసేపు నాలుగో తొట్టినీ ఐదో తొట్టినీ మార్చి మార్చి చూశాడు. పంపు ఆపలేదు. ఐదో తొట్టి గొట్టానికి అడ్డంగా ఒక గొట్టం బిగించి, నాలుగో తొట్టి నీళ్లను కూడా ఐదో పంపు చేతే తిప్పించాడు. రెండు తొట్లలోనూ నీళ్లు సగం వేగంతో కదిలాయి, అయినా కదులుతూనే ఉన్నాయి. అప్పుడు నాలుగో పంపు తీరిగ్గా ఆపి విప్పాడు. బేరింగులో రెండు గోళీలు పగిలి ఉన్నాయి, మూడోది పగలబోతోంది. కొత్తది వేసి బిగించేసరికి మధ్యాహ్న భోజనం వేళ దాటింది. తొట్టిలో నాచు పచ్చగానే ఉంది.

వజ్రమ్మక్క అంతసేపూ అతిథుల బెంచీ మీద కూర్చుంది. పని అయ్యాక లేచి, ‘‘మీ మిల్లు బాగుందండీ,’’ అని చెప్పి బయటికొచ్చింది. ఇస్మాయిల్ చేతులు తుడుచుకోవడం కూడా మరిచి గుమ్మం దాకా సాగనంపాడు.

15వ రోజు

ఊరందరికీ పంపిన చీటీ వెనక్కి తీసుకున్నాను. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్నది ఇదీ. నిజంగానే పరాయి మనిషి ఎవరైనా క్యాంటీనులో కూర్చుని బల్ల కింద ఏదో తేడాగా కొట్టుకుంటోందని చెబితే నేను వెంటనే వంగి చూసేవాణ్ణి. ఆమెను అతిథిగా చూస్తున్నామని అనుకున్నాం గానీ, అతిథి వేషం వేసుకున్న వజ్రమ్మగానే చూశాం. వేషం తీయాలని చూస్తోందని అనుమానించాం. కండువా ఆచారానికి తలవంపులు తెచ్చింది నేనే. ప్రణాళికలో మనిషి సుఖంగా ఉండటానికి అన్నీ రాశాను, ఆ మనిషి మాట వినడానికి ఒక్క గంట రాయలేదు.

చిక్కుడు తోటలో ఆమె పడక కుర్చీ దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను. అతిథిని కాబట్టి పని మాట మాట్లాడనంది. అయితే ఒక్కటి మాత్రం చెప్పింది, కుర్చీలో పడుకుని పైకి చూస్తూ.

‘‘అట్టా అడ్డగొట్టం వెయ్యొచ్చని నాకు ముప్ఫై నాలుగేళ్లలో తట్టలేదు తమ్ముడూ. పంపు ఆపి, గుండె అరచేతిలో పెట్టుకుని, రెండు గంటల్లో బిగించేదాన్ని. వాడికెప్పటి నుంచో తెలుసంట. నేను అడగలేదంట. నిన్న గదికి పోయి ఏడ్చాను. సంతోషమో దుఃఖమో నాకే తెలవలా.’’

నేనూ ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. అతిథితో గుమాస్తా కూర్చోకూడదని ఎక్కడా రాయలేదు.

19వ రోజు

ఇస్మాయిల్ తొట్లకు పేర్లు రాసిన పలకలు పెట్టాడు, చూడటానికి వచ్చేవాళ్ల కోసమట. నిన్నా ఇవాళా కలిపి పదకొండు మంది మిల్లు చూడటానికి వెళ్లారు. వాళ్లలో ఎవరికీ కండువా లేదు. ఒక ముసలాయన మూడో పంపు మీద చెయ్యి వేసి పావుగంట నిలబడ్డాడట. వజ్రమ్మక్క రెండో బుట్ట కూడా ఒరిగిపోయింది. మూడోది మొదలుపెట్టింది.

22వ రోజు

సెలవు నిన్నటితో పూర్తయింది. పొద్దున ఎస్తేరు ముందు పరీక్ష చేసి, గుండె దారిలో పడిందని, ఇక మీదట రోజుకు సగం పూటే పని అని తేల్చింది. వజ్రమ్మక్క కండువా మడిచి నా బల్ల మీద పెట్టింది. మిల్లుకు పరుగెడుతుందేమోనని తలుపు దగ్గర కుర్చీ కూడా దారికి అడ్డం లేకుండా తీసి పక్కన పెట్టాను. ఆమె అదే కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుని, సెలవు కాగితం ఒకటి ఇవ్వమంది.

నాకు అర్థం కాలేదు. మళ్లీ సెలవా అన్నాను.

తనకు కాదు, ఇస్మాయిల్‌కంది. తను సెలవు పెట్టకపోవడం వల్ల అతనూ పన్నెండేళ్లుగా పెట్టలేదట. పెద్దమనిషి మిల్లులో కూర్చుని ఉంటే రెండోవాడు కండువా ఎట్లా వేసుకుంటాడంది. ఇద్దరు ఆడపిల్లలున్నారు, వాళ్లతో కొలనుకు ఒక్కసారి కూడా వెళ్లలేదు. అతను లేని ఇరవై ఒక్క రోజులూ మిల్లు చూడటానికి వచ్చినవాళ్లలో ఆసక్తి ఉన్న ఇద్దరిని పక్కన పెట్టుకుంటుందట. పంపు విప్పాల్సి వస్తే వాళ్ల చేతే విప్పిస్తుందట. పిల్లలున్న ఇల్లు కాబట్టి రోజుకు ఒక్క చోటే పెట్టమని నాకే పాఠం చెప్పింది.

కబురు పంపితే ఇస్మాయిల్ మిల్లు బట్టలతోనే వచ్చాడు. కాగితం చదివి మొహం మాడ్చుకున్నాడు. కొత్త బేరింగు ఇంకా కుదురుకోలేదన్నాడు. ఒకటో పంపు కూడా ఈ నెల్లో విప్పి చూడాలన్నాడు. నేను లేకపోతే మిల్లు నడవదక్కా అన్నాడు.

వజ్రమ్మక్క నవ్వడం మొదలుపెట్టింది. బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక అతని చేతికున్న నూనె మరక తన చీర కొంగుతో తుడిచింది.

‘‘నడుసుద్దిరా,’’ అంది. ‘‘నేను చూసొచ్చాను.’’

ఇస్మాయిల్ నా కలం తీసుకుని సంతకం పెట్టాడు.